దెబ్బలకు ఓర్చిన వాచీ – అబ్రహాం లూయీ బ్రెగే జీవితం

మణికట్టుకు వాచీ ఉన్నదన్న సంగతే మనం సాధారణంగా మరచిపోతాం. కదులుతున్న బస్సు కడ్డీని ఆ చేత్తోనే పట్టుకుంటాం. గతుకుల రోడ్డు మీద స్కూటరు నడుపుతాం. వాలీబాల్ కోర్టులో దిగే ముందు వాచీ విప్పి జేబులో పెట్టుకునేవాళ్లు పదిమందిలో ఒకరో ఇద్దరో ఉంటారు. పాఠం మంచి పట్టులో ఉన్నప్పుడు బల్ల గుద్ది చెప్పే లెక్చరర్లూ లేకపోలేదు. ఇన్ని పోట్లు తిన్నా సాయంత్రానికి చూసుకుంటే ఆ వాచీ అర నిమిషం అటో ఇటో తేడాతో నడుస్తూనే ఉంటుంది. రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు వెరవకూడదని సామెత. ఆ సామెతను మనుషుల కంటే వాచీలే బాగా పాటిస్తున్నాయి.

ఇందులో విశేషం ఏముందని అడగవచ్చు. కీ ఇచ్చి నడిపే వాచీ వెనక మూత తీయించి ఒక్కసారి చూడండి. లోపల అటూ ఇటూ ఊగుతూ ఒక చిన్న చక్రం కనబడుతుంది. దాన్ని బాలెన్సు చక్రం అంటారు. వాచీకి గుండెకాయ అదే. దాని ఇరుసు రెండు కొనలూ రెండు కెంపు రాళ్ల రంధ్రాల్లో తిరుగుతుంటాయి. ఆ కొనల మందం మిల్లీమీటరులో సుమారు పదో వంతు, అంటే ఇంచుమించు తలవెంట్రుకంత. చాలా వాచీల్లో ఈ చక్రం సెకనుకు ఐదు ఊపుల చొప్పున రోజుకు 4,32,000 సార్లు ఊగుతుంది. వాచీ చేయిజారి నేల మీద పడితే చక్రం బరువంతా ఒక్క క్షణంలో ఆ వెంట్రుకవాసి కొన మీద పడుతుంది. కొన గట్టి ఉక్కుతో చేసింది గనుక వంగి ఊరుకోదు, పుటుక్కున విరుగుతుంది. రాయి పగిలినా పగలవచ్చు. పూర్వం వాచీలు ఎక్కువగా పోయింది ఈ రకంగానే.

ఈ జబ్బుకు మందు కనిపెట్టినవాడు అబ్రహాం లూయీ బ్రెగే. గడియారాల చరిత్ర రాసేవారు ఎవరైనా ఈయన పేరు తలవకుండా ముందుకు పోలేరు. అయితే వాచీ పెట్టుకునే కోట్లాది జనంలో ఆయన్ను ఎరిగినవాళ్లు బహు తక్కువ. అందుకే ఆయన జీవితాన్ని విద్యార్థి మిత్రుల ముందు ఉంచాలనే ఈ చిన్న ప్రయత్నం.

బాల్యం, చదువు

బ్రెగే 1747 జనవరి 10న న్యూషాతెల్‌లో పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడు స్విట్జర్లాండులో ఉంది. ఆ రోజుల్లో అది ప్రష్యా రాజు ఏలుబడిలో ఉండేది. బ్రెగే పూర్వీకులు ఫ్రాన్సు నుంచి వచ్చిన ప్రొటెస్టంట్లు. పిల్లవాడికి పదేళ్లు దాటాయో లేదో తండ్రి పోయాడు. తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది. మారుతండ్రిది గడియారాల వృత్తి. వాళ్లకు పారిస్‌తో వ్యాపార సంబంధాలు ఉండేవి. కుర్రవాడికి మొదట్లో ఆ పని మీద మనసు లేదని అంటారు. ఒకచోట కుదురుగా కూర్చుని ఆకురాయితో ఇత్తడి రాయడం ఏ పదిహేనేళ్ల కుర్రవాడికి రుచిస్తుంది? అయినా 1762లో పెద్దవాళ్లు ఆయన్ను ఫ్రాన్సు తీసుకుపోయి వెర్సాయ్‌లో ఒక గడియారాల పనివాడి దగ్గర చేర్చారు.

ఇక్కడొక సంగతి గమనించాలి. బ్రెగే పగలు పని నేర్చుకుంటూ సాయంత్రాలు పారిస్‌లోని మజారిన్ కాలేజీలో లెక్కలు చదువుకున్నాడు. లెక్కలు చెప్పిన గురువు మారీ అనే మతాచార్యుడు. పనిలో నేర్పుగల కుర్రవాడికి గణితం కూడా పట్టుబడుతున్నదని ఆ గురువు కనిపెట్టి, తర్వాతి రోజుల్లో పెద్దల పరిచయం కలిగించాడు. చేతిపని వేరు, చదువు వేరు అనుకునే అలవాటు మనలో ఇంకా పోలేదు. వర్క్‌షాపులోకి పోతే చొక్కా మాసిపోతుందని భయపడే ఇంజనీరింగ్ విద్యార్థులు ఇప్పటికీ కనబడతారు. బ్రెగే విషయంలో మాత్రం ఆకురాయి, సమీకరణం రెండూ ఒకే చేతికి అబ్బాయి. ఆయన గొప్పతనం అంతా అక్కడే మొదలైంది.

కొన్నాళ్లకే తల్లి, మారుతండ్రి కూడా గతించారు. ఇంటి బరువు మీద పడింది. 1775లో సెసిల్ లూయ్లియే అనే ఆమెను పెళ్లి చేసుకుని, ఆమె తెచ్చిన కట్నం డబ్బు ఆసరాతో పారిస్ నడిబొడ్డున సేన్ నది ఒడ్డున దుకాణం పెట్టాడు. ఆ వీధి పేరు చిత్రంగా ‘గడియారపు రేవు’. అక్కడి పాత రాజభవనం మీది పెద్ద గడియారాన్ని బట్టి ఆ పేరు వచ్చింది. ఐదేళ్లు తిరక్కుండానే 1780లో భార్య చనిపోయింది. చేతిలో నాలుగేళ్ల కొడుకు. బ్రెగే మళ్లీ పెళ్లి మాట తలపెట్టలేదు. మిగిలిన జీవితమంతా పనికీ కొడుక్కీ అంకితం చేశాడు.

నడిస్తే కీ ఎక్కే వాచీ

అదే 1780లో ఆయన పేరు పైకి వచ్చింది. జేబులో పెట్టుకుని నడుస్తుంటే దానంతట అదే కీ ఎక్కే వాచీని తయారుచేసి ఓర్లియాన్ డ్యూకుకు అమ్మాడు. ఈ ఆలోచన అంతకు ముందే మరికొందరికి వచ్చింది. కాని వాళ్ల వాచీలు నమ్మకంగా పనిచేసేవి కావు. బ్రెగే బరువైన ప్లాటినం ముక్కను ఒక స్ప్రింగు ఆధారంతో లోపల వేలాడదీశాడు. మనిషి అడుగు వేసినప్పుడల్లా అది ఊగుతుంది. ఆ ఊపు మూలస్ప్రింగును చుడుతుంది. అంతవరకు మనిషి కదలిక వాచీకి శత్రువు. బ్రెగే ఆ కదలికనే వాచీకి తిండిగా మార్చాడు. రాణి మేరీ ఆంటోనెట్ కూడా ఇటువంటి వాచీని తీసుకుంది. దాంతో దేశదేశాల రాజకుటుంబాలు ఆయన దుకాణానికి బారులు తీరాయి.

పారాషూట్

కాని రాజుగారి వాచీ అయినా కిందపడితే పగిలేదే. మరమ్మతుకు వచ్చే వాచీల్లో ఇరుసు కొనలు విరిగినవే పదేపదే చూసి ఉంటాడు, బ్రెగే బుర్ర దాని మీద పడింది. మామూలుగా ఎవరికైనా తట్టే ఉపాయం ఏమిటి? కొనను లావు చేయడం. లావు చేస్తే విరగదు నిజమే. కాని రాపిడి పెరిగి చక్రం సరిగ్గా ఊగదు, వాచీ కాలం తప్పుతుంది. అంటే బలం కావాలంటే కచ్చితత్వం వదులుకోవాలి, కచ్చితత్వం కావాలంటే బలం వదులుకోవాలి. వెనకటి పనివాళ్లంతా ఈ రెంటి మధ్యనే ఇరుక్కుపోయారు.

1790 ప్రాంతంలో బ్రెగే వేరే దారి తొక్కాడు. కొనను అలాగే ఉంచి, అది ఆనుకునే రాయిని కదిలేటట్లు చేశాడు. ఇరుసు చివరను శంకువు ఆకారంలో చెక్కాడు. దానికి సరిపడే గుంట ఉన్న చిన్న రాతిని తీసుకుని, దాన్ని సన్నని ఉక్కు రేకు స్ప్రింగు చివర బిగించాడు. వాచీకి దెబ్బ తగలగానే చక్రం బరువు రాతి మీద పడుతుంది. రాయి స్ప్రింగుతో పాటు వెనక్కి జరుగుతుంది. దెబ్బ తీవ్రత స్ప్రింగు మింగేస్తుంది. మరుక్షణం స్ప్రింగు రాతినీ ఇరుసునూ యథాస్థానానికి తెస్తుంది. శంకువు ఆకారం కావడం వల్ల కొన తన గుంటలోకి తానే జారి మధ్యకు వచ్చి నిలుస్తుంది. గాలివానకు కొబ్బరిచెట్టు విరిగిపడుతుంది, గడ్డిపరక తల వంచి తర్వాత లేచి నిలబడుతుంది. కోస్తా జిల్లాల వాళ్లకు ఈ సూత్రం ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

ఈ ఏర్పాటుకు ‘పారాషూట్’ అని పేరు. ఫ్రెంచిలో పడటాన్ని కాచేది అని అర్థం. విమానం నుంచి దూకేవాళ్లు కట్టుకునే గొడుగుకూ అదే మాట. దీని గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. ప్రసిద్ధ రాజనీతిజ్ఞుడు టాలీరాండ్ ఇంట విందు జరుగుతుండగా, బ్రెగే తన జేబు వాచీ తీసి అందరూ చూస్తుండగా నేలకేసి కొట్టాడట. అతిథులు గతుక్కుమన్నారట. తీసి చూస్తే వాచీ చక్కగా నడుస్తూనే ఉందట. కథలో కల్పన ఎంతో చెప్పలేం గాని, అది పుట్టడానికి కారణమైన వాచీలు మాత్రం నిజం. వాటిలో కొన్ని ఈనాటికీ మ్యూజియాల్లో ఉన్నాయి.

విప్లవపు దెబ్బ

వాచీలను దెబ్బల నుంచి కాచిన మనిషికి తన జీవితంలో పెద్ద దెబ్బే తగిలింది. 1789లో ఫ్రెంచి విప్లవం బయలుదేరింది. బ్రెగేకు కొత్త భావాల మీద అభిమానం ఉన్నా, ఆయన ఖాతాదారులంతా రాజులూ జమీందార్లూ. భయానక పాలన రోజుల్లో అటువంటివారితో పరిచయమే తల తీయడానికి చాలినంత నేరం. విప్లవ నాయకుడు మారా ఆయనకు స్నేహితుడు. మారా కూడా న్యూషాతెల్ ప్రాంతంలోనే పుట్టినవాడు. ఆ స్నేహం వల్ల 1793లో బ్రెగేకు దేశం దాటడానికి అనుమతి పత్రం దొరికిందంటారు. కొద్ది కాలానికే, ఆ జూలై 13న మారా హత్యకు గురయ్యాడు. అక్టోబరులో రాణి మేరీ ఆంటోనెట్ తల తెగింది.

బ్రెగే స్విట్జర్లాండులో తలదాచుకుని, ల లోక్ల్ అనే ఊళ్లో కొద్దిమంది పనివాళ్లతో చిన్న పనిశాల నడిపాడు. పద్దెనిమిదేళ్ల కష్టం పారిస్‌లో నాశనమవుతుంటే మరొకరైతే దిగులుతో మంచం పట్టేవారు. ఆయన మాత్రం కొత్త వాచీలకు బొమ్మలు గీసుకుంటూ కూర్చున్నాడు. 1795లో పారిస్ తిరిగి వచ్చేటప్పటికి దుకాణం శిథిలమై ఉంది. అయితే కొత్త ప్రభుత్వానికీ, సైన్యానికీ, నౌకాదళానికీ మంచి గడియారాలు కావాలి. అవి చేయగలవాడు ఈయనే. అందుచేత ప్రభుత్వం దుకాణాన్ని మళ్లీ నిలబెట్టుకోవడానికి తోడ్పడింది.

తిరిగి వచ్చిన తర్వాతి కాలమే ఆయనకు స్వర్ణయుగం. హెయిర్ స్ప్రింగు వెలుపలి చివరను పైకి లేపి లోపలికి వంచితే చుట్లు అన్ని వైపులా సమంగా విచ్చుకుంటాయని కనిపెట్టాడు. ఈ వంపును ఈనాటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. జేబులో నిలువుగా ఉండే వాచీ మీద భూమ్యాకర్షణ వల్ల కలిగే తేడాను సరిచేయడానికి బాలెన్సు చక్రాన్ని దాని పరివారంతో సహా ఒక చిన్న పంజరంలో పెట్టి గుండ్రంగా తిప్పాడు. ‘టూర్బియాన్’ అనే ఈ ఏర్పాటుకు 1801 జూన్ 26న పేటెంటు వచ్చింది. 1798లో ఈజిప్టు దండయాత్రకు బయలుదేరే ముందు నెపోలియన్ ఆయన దగ్గర మూడు గడియారాలు కొన్నాడు. వాటిలో ఒకటి బండి ప్రయాణంలో వెంట తీసుకుపోయే గడియారం.

ఒంటి ముల్లు వాచీ

ఇవన్నీ గొప్పవాళ్ల కోసం. 1796, 97 ప్రాంతంలో బ్రెగే చేసిన మరో పని మనకు ఇంకా ముఖ్యం. విప్లవం తర్వాత పాత జమీందార్లు లేరు. వాళ్ల స్థానంలో వకీళ్లూ వైద్యులూ వర్తకులూ వచ్చారు. వాళ్లకోసం అనవసరపు హంగులు లేని గట్టి వాచీని రూపొందించాడు. ముల్లు ఒక్కటే. డయలు పెద్దది గనుక ఆ ఒంటి ముల్లుతోనే ఐదేసి నిమిషాల లెక్క చూసుకోవచ్చు. ఆర్డరు ఇచ్చేటప్పుడు పావు వంతు సొమ్ము కట్టాలి, మిగతాది వాచీ చేతికి వచ్చాక. ఆ ముందస్తు డబ్బుతోనే సామాను కొని పని నడిపించేవాడు. చందా వాచీలు అని వీటికి పేరు. ఇటువంటివి దాదాపు 700 అమ్ముడుపోయాయి. యంత్రం సులువైనది కావడం వల్ల మరమ్మతు కూడా సులువే. వీటిలో చాలావాటికి పారాషూట్ పెట్టాడు. రాణి వాచీకి దక్కిన రక్షణే వకీలు వాచీకీ దక్కింది. కూలివాడికి అందే ధర మాత్రం కాదు. అందుకు ఇంకా చాలాకాలం పట్టింది.

పేరు పెరిగేకొద్దీ నకిలీల బెడదా పెరిగింది. అడ్డమైన వాచీ మీదా ఆయన సంతకం చెక్కి అమ్మేవారు. అందుకని డయలు మీద కంటికి ఆనీ ఆననంత సన్నగా ఒక రహస్య సంతకం చెక్కడం మొదలుపెట్టాడు. వెలుతురు ఏటవాలుగా పడితే తప్ప అది కనబడదు.

పనివాళ్లతో ఆయన నడిచిన తీరు గురించి ఒక ముచ్చట చెబుతారు. పని బాగా చేసి తెచ్చిన పనివాడి బిల్లులో చివరి అంకె సున్నా అయితే, ఆ సున్నాకు చిన్న తోక తగిలించి తొమ్మిది చేసి డబ్బు ఇప్పించేవాడట. ఆ తోక విలువ ఎంతైనా కావచ్చు, యజమాని తన పనిని గుర్తించాడన్న తృప్తి పనివాడికి మిగులుతుంది గదా!

జేబు నుంచి మణికట్టుకు

నెపోలియన్ చెల్లెలు, నేపుల్స్ రాణి కరోలిన్ మురా 1810లో మణికట్టుకు పెట్టుకునే వాచీ కావాలని ఆర్డరు ఇచ్చింది. 1812లో అది పూర్తయింది. కోడిగుడ్డు ఆకారంలో ఉండే ఆ వాచీకి వెంట్రుకలూ బంగారు తీగలూ కలిపి అల్లిన పట్టీ ఉండేదని దుకాణం లెక్కల పుస్తకాల్లో ఉంది. మనకు తెలిసినంతలో చేతికి కట్టుకోవడానికే ప్రత్యేకంగా చేసిన తొలి వాచీల్లో అది ఒకటి. ఆ వాచీ ఇప్పుడు ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

చివరి రోజుల్లో గౌరవాలు వరుసగా వచ్చాయి. 1814లో రేఖాంశాల మండలి సభ్యత్వం, 1815లో ఫ్రెంచి నౌకాదళానికి గడియారాల నిర్మాత పదవి, 1816లో విజ్ఞాన అకాడమీ సభ్యత్వం, 1819లో లీజియన్ ఆఫ్ ఆనర్. 1823 సెప్టెంబరు 17న, డెబ్బై ఆరేళ్ల వయసులో, చివరివరకు పనిచేస్తూనే ఆయన కన్నుమూశాడు.

ఒక బాకీ మిగిలిపోయింది. మేరీ ఆంటోనెట్ కోసం ఆనాటికి తెలిసిన అన్ని ఏర్పాట్లతో ఒక వాచీ చేయాలని 1783లో ఆర్డరు వచ్చింది. గడువూ లేదు, ఖర్చుకు హద్దూ లేదు. 160వ నంబరు గల ఆ వాచీ 1827లో, రాణి పోయిన 34 ఏళ్లకు, బ్రెగే పోయిన నాలుగేళ్లకు పూర్తయింది. క్యాలెండరు, థర్మామీటరు, గంటలు నిమిషాలు మోగించే యంత్రం, దానంతట అదే కీ ఎక్కే ఏర్పాటుతో పాటు దెబ్బలను కాచే పారాషూట్ కూడా అందులో ఉంది. జెరూసలేంలోని మ్యూజియం నుంచి 1983లో దొంగలపాలై, ఇరవై ఏళ్లకు పైగా అజ్ఞాతవాసం చేసి, 2007 నాటికి తిరిగి ఇల్లు చేరింది.

రాణి నుంచి జనతకు

బ్రెగే తర్వాత వందేళ్లకు పైగా దెబ్బలను కాచే ఏర్పాటు ఖరీదైన వాచీలకే పరిమితమైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సిపాయిలు వాచీలను మణికట్టుకు కట్టుకోవడంతో దాని అవసరం అందరికీ తెలిసివచ్చింది. 1930లలో స్విట్జర్లాండులో ‘ఇన్కాబ్లాక్’ పుట్టింది. కదిలే రాయి, కాచే స్ప్రింగు – మూలసూత్రం బ్రెగేదే. యంత్రాల మీద లక్షల సంఖ్యలో తయారుచేయగలగడమే కొత్తదనం. జపాన్‌లో సిటిజన్ కంపెనీ 1956లో ‘పారాషాక్’ తెచ్చింది. జనానికి నమ్మకం కలిగించడానికి ఆ వాచీలను హెలికాప్టరు నుంచి కిందికి వేసి చూపించింది. టాలీరాండ్ ఇంటి కథే ఆకాశం ఎత్తున మళ్లీ జరిగిందన్నమాట.

ఆ సిటిజన్ కంపెనీ సహకారంతోనే 1961లో బెంగుళూరులో హెచ్.ఎం.టి. వాచీల ఫ్యాక్టరీ వెలిసింది. తెలుగుదేశంలో పెళ్లికొడుక్కి పెట్టిన వాచీ, ఫస్టు క్లాసు తెచ్చుకున్న కొడుక్కి తండ్రి కొనిచ్చిన వాచీ, రిటైరైన మాస్టారికి సన్మాన సభలో ఇచ్చిన వాచీ – కొన్ని దశాబ్దాల పాటు చాలామట్టుకు ఆ ఫ్యాక్టరీవే. వాటిలో ‘జనతా’ వాచీ డయలు మీద చిన్న అక్షరాల్లో పారాషాక్ అని ఉండేది. ఆ మాటకు అర్థం ఏమిటని అడిగినవాళ్లు ఎందరు? రాణి కోసం తలపెట్టిన రక్షణ నూట డెబ్బై ఏళ్లు ప్రయాణం చేసి ఒక గుమాస్తా మణికట్టు మీదికి వచ్చిందని ఆ ఒక్క మాట చెబుతూ వచ్చింది. 2016లో ఆ వాచీల సంస్థ మూతపడింది. అయినా ఆ వాచీలు ఎన్నో ఇళ్లలో ఇప్పటికీ కీ ఇస్తే నడుస్తున్నాయి.

ఓర్పుకూ హద్దుంది

ఇంతకూ వాచీ ఎంత దెబ్బ ఓర్చుకోగలదు? అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం గట్టి చెక్క మీదికి ఒక మీటరు ఎత్తు నుంచి పడినంత దెబ్బ తట్టుకోవాలి. ఆ తర్వాత కూడా నడక తేడా రోజుకు ఒక నిమిషానికి మించకూడదు. అంటే బల్ల మీంచి జారినా బతకాలి, మేడ మీంచి పడితే మాత్రం హామీ లేదు. పైగా ఈ ఏర్పాటు కాచేది బాలెన్సు ఇరుసును మాత్రమే. లౌడ్‌స్పీకరు అయస్కాంతం దగ్గర పెడితే హెయిర్ స్ప్రింగు చుట్లు అంటుకుని వాచీ పరుగులు తీయవచ్చు. కీ తిప్పే మర సందులోంచి చెమట, దుమ్ము పోతాయి. నూనె ఎండిపోతే కెంపు రాయి కూడా ఇరుసును కాపాడలేదు. అందుకే నాలుగైదేళ్లకు ఒకసారి వాచీని విప్పించి, శుభ్రం చేయించి, నూనె వేయించడం తప్పనిసరి. పెట్టుకోకుండా బీరువాలో దాచిన వాచీ కంటే, రోజూ వాడుతూ వేళకు నూనె వేయించిన వాచీ ఎక్కువ కాలం మన్నుతుందని మరమ్మతు చేసే మేస్త్రీలు చెబుతారు.

మిత్రులారా! బ్రెగే రాజ్యాలు గెలవలేదు, గ్రంథాలు రాసి పేరు తెచ్చుకోలేదు. ఎక్కడ విరుగుతుందో అక్కడ ఓపికగా చూశాడు. విరిగేదాన్ని లావు చేయడం కాకుండా, దాన్ని మోసేదానికి కాస్త జరిగే చోటు ఇచ్చాడు. దెబ్బ తగిలినప్పుడు జరగాలి, జరిగాక మళ్లీ తన చోటికి రావాలి – ఈ రెండూ ఉంటేనే అది ఓర్పు. పరీక్ష తప్పినవాడికీ, ఉద్యోగం దొరకనివాడికీ, ఇల్లు వదిలి దూరదేశం పోయినవాడికీ ఇది పనికివచ్చే పాఠమే. పారిస్ వదిలి పారిపోయి, రెండేళ్లలో తిరిగివచ్చి, మునుపటికంటే గొప్ప వాచీలు చేసిన బ్రెగే జీవితమే దీనికి సాక్ష్యం. ఇంట్లో ఏ బీరువా అరలోనో తాతగారి వాచీ మూలుగుతూ ఉంటే, ఈ సెలవుల్లో తీసి, నమ్మకమైన మేస్త్రీకి చూపించి, నూనె వేయించి, నెమ్మదిగా కీ ఇవ్వండి. చెవి దగ్గర పెట్టుకుంటే టిక్కు టిక్కుమని వినబడుతుంది.